సూదమ్మ మధ్యాహ్నపు పాఠం

ఎర్రగుట్ట అడవి మొత్తానికి కలిపి ఒక్కటే బొమ్మల బడి ఉండేది. గుట్ట నడుమన ఉన్న పెద్ద గుహలో అది నడిచేది. గుహ తూర్పు గోడలో, ఏనుగు వీపంత ఎత్తున, ఉసిరికాయ పట్టేంత బెజ్జం ఉంది. ఎదురుగా ఉన్న పడమటి గోడ సుద్దరాయిది, తెల్లగా నున్నగా ఉంటుంది. పొద్దున పూట ఎండ ఆ బెజ్జంలోంచి తిన్నగా వచ్చి సుద్దగోడ మీద పడేది. ఆ వెలుగుకు అడ్డంగా, చెక్కిన టేకాకును పట్టుకుని ఆడిస్తే చాలు, గోడ మీద జింకలు పరిగెత్తేవి, కొంగలు ఎగిరేవి, వాన కురిసేది. బొమ్మ చూడటానికి అడవంతా వచ్చి కూర్చునేది.

తేనె వెతుక్కుంటూ వచ్చిన బుచ్చెమ్మ అనే ఎలుగుబంటి ఆ గుహను కనిపెట్టింది. అప్పట్లో అడవికి ఒక సభ ఉండేది. సభ పెద్దలు గుహ చూసి, ఇక్కడ బడి పెట్టమని బుచ్చెమ్మకే అప్పగించారు. ఏ జంతువైనా వచ్చి ఆకు చెక్కడం నేర్చుకోవచ్చు, ఏ సంగతి మీదైనా బొమ్మ వేయొచ్చు. సభ పెద్దలనే వెక్కిరిస్తూ కుందేళ్ళు ఒక బొమ్మ వేస్తే, ఆ పెద్దలే ముందు వరసలో కూర్చుని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు.

బుచ్చెమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సూదమ్మ ఒకతి. ముళ్ళపంది. ఆకు చెక్కడానికి ఆమెకు ఉలి అక్కర్లేదు, వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటే సరిపోయేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. బడిలో చేరిన రోజున బుచ్చెమ్మ ఆమె చేతికి ఆకు ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆగి, గుహ నోటికి అడ్డంగా తెర దింపించి, గోడ చూడమంది.

పొద్దు గుట్ట వెనక్కి తిరిగింది. బయట తూర్పు లోయంతా ఎండలో వెలుగుతోంది. ఆ లోయే బెజ్జంలోంచి లోపలికొచ్చి సుద్దగోడ మీద వాలింది. రంగులతో సహా, కదలికలతో సహా. కాకపోతే అంతా తలకిందులు. చెట్లు పైనుంచి వేలాడుతున్నాయి, ఆకాశం కింద పరుచుకుంది.

"ఇదెవరు చెక్కారు అమ్మా?" అని అడిగింది సూదమ్మ.

"ఎవరూ చెక్కలేదు. లోయ తనంతట తాను వచ్చింది. ముందు చూడటం నేర్చుకో, చెక్కడం తర్వాత," అంది బుచ్చెమ్మ. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ అదే మొదటి పాఠం.

తర్వాత కొన్నేళ్ళకు బొమికల దొర వచ్చాడు. దుమ్ములగొండి. రేచుకుక్కల దండును వెంటేసుకొచ్చి, సభ జరిగే బండ మీద ఎక్కి కూర్చున్నాడు. "అడవిలో గొడవలెక్కువయ్యాయి. మూడు నెలలు నేను కాపలా కాస్తాను. ఆ తర్వాత మీ అడవి మీకే," అన్నాడు. మూడు నెలలు కాస్తా తొమ్మిదేళ్ళయ్యాయి. సభ పెద్దలు ఒక్కొక్కరే కనిపించకుండా పోయారు. బుచ్చెమ్మ గుహ నోటి దగ్గర అడ్డంగా కూర్చుని, "దొర బొమ్మ తప్ప ఇంకో బొమ్మ వేయకూడదంటే ఈ గుహలో తేనెటీగల్ని పెంచుకుంటాను గానీ బడి నడపను," అంది. ఆమెను ఏరు దాటించి తరిమేశారు. పోతూ పోతూ సూదమ్మతో, "గోడ జాగ్రత్త. మనం పోతే ఆ గోడ మీద వాళ్ళ మొహాలే ఉంటాయి," అని చెప్పింది.

అందుకే సూదమ్మ ఉండిపోయింది. దొర బొమ్మలు చెక్కమంటే చెక్కింది. అలా చెక్కినప్పుడల్లా ఆమెకు ఒళ్ళంతా జిలపెట్టేది. రాత్రిళ్ళు నిద్రపట్టక ముళ్ళు లెక్కపెట్టుకునేది. కానీ పిల్లలకు మధ్యాహ్నపు పాఠం మాత్రం మానలేదు.

ఆ పాఠంలోనే, రెండు వేసవుల కిందట, ఒక కొత్త సంగతి గోడ మీదికొచ్చింది.

అడవికి నీళ్ళిచ్చే వాగు ఆ ఏడే ఎండిపోయింది. బొమికల దొర బండ మీద నిలబడి, "ఆకాశం మోసం చేసింది. నేనూ మీలాగే గొంతు తడవక అల్లాడుతున్నాను. ఓర్చుకోండి," అని చెప్పాడు. తూర్పు లోయలోకి మాత్రం ఎవరూ పోకూడదన్నాడు, అక్కడ పాములున్నాయట. దుప్పులు ఇసుకలో చెలమలు తవ్వుకుని బురదనీళ్ళు నాకేవి. చూడితో ఉన్నవి రెండు ఆ ఏడు దాహంతోనే పోయాయి.

ఇక్కడ గోడ మీద చూస్తే, తూర్పు లోయలో ఇరుకు దగ్గర దుంగలు, బండలు పేర్చి కట్టిన పెద్ద అడ్డుకట్ట. దాని వెనక నిండా నీళ్ళు. నీళ్ళలో తలకిందులుగా ఈదుతున్న రేచుకుక్కలు.

విద్యార్థుల్లో పోశవ్వ అనే వడ్రంగిపిట్ట ఊరుకోలేకపోయింది. ఆ చెరువును టేకాకు మీద చెక్కి, పొద్దున ఆటలో అందరి ముందూ వేసేసింది. జనం గుసగుసలాడుకునే లోపే రేచుకుక్కలు ఆమెను పట్టుకుపోయాయి. మర్నాడు దొర బండెక్కి నవ్వాడు. "చెట్లకు తల కొట్టుకునీ కొట్టుకునీ దాని బుర్ర చెడింది. లేని చెరువును ఊహించుకుని గీసింది. మీలో ఎవరైనా ఆ చెరువు చూశారా?" ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు బడివాళ్ళే, వాళ్ళ మాట ఇంక ఎవరూ వినకుండా గుహకు కాపలా పడింది. బయటివాళ్ళు లోపలికి రావడం బందయింది. బడి మీద అధికారిగా మర్యాదయ్య అనే నక్కను కూర్చోబెట్టారు.

మర్యాదయ్య ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. పేరుకు తగ్గట్టే ఉంటాడు. ప్రతి ఆకునూ ముక్కుతో వాసన చూసి, అటూ ఇటూ తిప్పి, బురదలో కాలు ముంచి ముద్ర వేస్తాడు. ముద్ర లేని ఆకు గోడ ఎక్కకూడదు.

"సూదమ్మగారూ, కొత్త ఉత్తర్వు వచ్చిందండీ. ఊహించి గీయడం ఇకనుంచి నేరం," అన్నాడు వచ్చిన తొలిరోజే.

"మరి ఏం గీయాలి?"

"ఉన్నది ఉన్నట్టు. ఉన్నదానికి ఒక్క గీత ఎక్కువుండకూడదు, తక్కువుండకూడదు."

"ఆ మాట రాసిస్తారా?"

"రాయడమెందుకండీ, దొరవారే బండ మీద నిలబడి అడవంతటికీ చెప్పారుగా."

పొద్దున ఆకుల తనిఖీ అయిపోగానే మర్యాదయ్య ఇంటికి పోతున్నానని వెళ్ళిపోయేవాడు. మధ్యాహ్నం సూదమ్మ గోడ చూస్తుంటే, లోయ చెరువు గట్టున తోక పైకెత్తి నీళ్ళు తాగుతూ ఆయనే కనబడేవాడు. ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. తర్వాత పనికొస్తుందని దాచుకుంది.

దొర ఏలుబడికి తొమ్మిదేళ్ళు నిండే రోజు దగ్గర పడింది. మర్యాదయ్య పొద్దున్నే వచ్చి పడ్డాడు.

"పండగండీ. దొరవారి జీవితం మీద నూరు ఆకుల బొమ్మ వేయాలి. ఆ రోజు అడవి మొత్తం ఇక్కడే ఉంటుంది. రానివాళ్ళ పేర్లు రాసుకుంటాం."

"అడవి మొత్తమా?" అంది సూదమ్మ.

"పసిపిల్లలతో సహా."

"వేయనంటే?"

మర్యాదయ్య గుహంతా ఒకసారి కలియజూశాడు. "గుహ చల్లగా ఉందండీ. రేచుకుక్కలకు పడుకోవడానికి చోటు చాలడం లేదని దొరవారు అంటూనే ఉన్నారు."

ఆయన వెళ్ళాక సూదమ్మ గుహ నోటి దగ్గరికి నడిచింది. అక్కడ కర్రెన్న పడుకుని ఉన్నాడు. అడవిదున్న. ఆట జరిగేటప్పుడు బయటి వెలుతురు లోపలికి రాకుండా గుహ నోటికి అడ్డంగా పడుకోవడం ఆయన పని. బుచ్చెమ్మ నాటి తెర చిరిగిపోయినప్పటి నుంచీ ఆయనే తెర. ఎవరేమన్నా తల వంచుకుని నెమరు వేసుకుంటూ ఉంటాడు.

"విన్నావా తమ్ముడూ?"

"విన్నానక్కా."

"తొమ్మిదేళ్ళుగా వాడి మొహం చెక్కుతున్నాను. నూరు ఆకుల మీద ఒకేసారి చెక్కాలంటే చెయ్యి రావడం లేదు. మానేసి పోదామనిపిస్తోంది."

కర్రెన్న కాసేపు నమిలాడు. "పోతే గుహ కుక్కలది. ఉంటే బొమ్మ దొరది. నాకు తెలిసింది అంతే. నీకు ఇంకేమైనా తెలిస్తే చెప్పు."

సూదమ్మ గోడ వైపు చూసింది. అప్పటికి మధ్యాహ్నం దాటింది. లోయ గోడ మీద తలకిందులుగా వెలుగుతోంది. అడవంతా ఈ గుహలో ఉంటే, ఈ వేళకు ఉంటే. ఆమె వీపు మీద ముళ్ళు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి.

"ఆట పొద్దున పూట కదా," అంది మెల్లగా. "మధ్యాహ్నం దాకా ఎలా సాగదీయడం?"

"దొర ఆకలికి ఆగడు. మర్యాదయ్య వేళ తప్పడు," అన్నాడు కర్రెన్న.

"మర్యాదయ్య వేళ తప్పడు. కానీ భయపడతాడు," అంది సూదమ్మ.

నెలరోజులు ఆమె, విద్యార్థులు కలిసి నూరు ఆకులూ చెక్కారు. మర్యాదయ్య ఒక్కొక్కటే చూసి ముద్ర వేశాడు. ముప్పయ్యో ఆకులో దుప్పులు బక్కగా ఉన్నాయని లావు చేయించాడు. అరవయ్యో ఆకులో మబ్బు ఉంటే, "వాన పడాలని గుర్తు చేస్తున్నట్టుంది," అని మబ్బు తీయించాడు. పండగ ముందురోజుకు నూరూ అయ్యాయి.

పండగనాడు తెల్లవారగానే అడవంతా గుహలో ఇరుక్కుని కూర్చుంది. కణుజులు, దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, పై అంచుల్లో కొండముచ్చులు, ఉడుతలు. రెండేళ్ళ తర్వాత ఆ గుహలో కాలు పెట్టారు అందరూ. పెదవులు పగిలి ఉన్నాయి, కళ్ళు లోతుకు పోయాయి. బొమికల దొర సుద్దగోడ ముందే, అందరికీ కనబడేలా, ఎత్తు బండ మీద కూర్చున్నాడు. వెంట నాలుగే రేచుకుక్కలు. మిగతా దండుకు పండగ సెలవు ఇచ్చాడు.

కర్రెన్న గుహ నోటికి అడ్డంగా పడుకున్నాడు. బెజ్జం దగ్గర బండ మీద చెన్నడు అనే కొండముచ్చు వెలగడిప్పతో బెజ్జం మూసి, ఎప్పుడు తీయమంటారా అని కూర్చున్నాడు.

సూదమ్మ మర్యాదయ్య చెవి దగ్గరికి వంగింది.

"మీతో ఒక మాట. నలభై మూడో ఆకులో దొరవారి వీపు వెనక్కి వాలినట్టుగా పడింది. నేను గమనించేసరికే మీ ముద్ర పడిపోయింది."

మర్యాదయ్య మీసాలు ఆగిపోయాయి. "వెనక్కి వాలిందా?"

"దుమ్ములగొండి వీపు వాలే ఉంటుంది లెండి. ఉన్నది ఉన్నట్టే కదా. కానీ అడవంతటి ముందూ దొరవారు చూసుకుంటే ఏమనుకుంటారో మరి. ముద్ర మీది, మీ ఇష్టం."

"ఆకు ఇటివ్వండి." చూశాడు. చెమట పట్టింది. "సరిచేయండి. వీపు నిటారుగా పెట్టండి."

"ఒక్క దాన్ని సరిచేస్తే చాలదేమోనండీ, మిగతా తొంభై తొమ్మిదిలోనూ ఎక్కడైనా అలాగే పడి ఉంటే?"

మర్యాదయ్య దొర దగ్గరికి పోయి మోకాళ్ళ మీద వంగాడు. "దొరవారూ, తమరి ఘనతకు తగ్గట్టు చివరి మెరుగులు దిద్దుతున్నామండీ. కాస్త సేపు." దొర తల ఊపి, ఎముక ఒకటి కొరుకుతూ కూర్చున్నాడు. పొగడ్త కోసం అయితే ఆయన ఎంతసేపైనా ఆగుతాడు.

మర్యాదయ్య ఆకుల కుప్ప ముందు కూర్చుని మొదటి నుంచీ మొదలుపెట్టాడు. నక్కకూ ముళ్ళపందికీ చీకట్లోనూ కళ్ళు కనబడతాయి. ఒకసారి భయం పట్టుకున్నాక ప్రతి ఆకులోనూ తప్పే కనబడింది. పన్నెండో ఆకులో దొర నీడ దొర కంటే పెద్దగా ఉందన్నాడు. ఇరవయ్యేడులో కుందేలు నవ్వుతోంది, ఎందుకు నవ్వుతోందో తెలియడం లేదన్నాడు. యాభై ఒకటిలో దొర పక్కన తన బొమ్మే ఉంటే, అది దొర కంటే అందంగా ఉందని తన ముక్కు తానే చెరిపించుకున్నాడు. సూదమ్మ ముల్లు తీసుకుని చెప్పింది చెప్పినట్టే దిద్దింది. తొందరపడలేదు. గీత గీతకూ, "ఇలాగేనా అండీ?" అని అడిగింది.

గుహ బయట పొద్దు నడినెత్తికి వచ్చి, గుట్ట మీదుగా పడమటికి దిగింది. లోపల చీకట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు బడివాళ్ళు మాత్రమే.

"ఇంకెంతసేపు?" అని దొర గుర్రుమన్నాడు.

మర్యాదయ్య నూరో ఆకు మీద ముద్ర గుద్ది ఊపిరి పీల్చుకున్నాడు. "అయిపోయిందండీ. ఊఁ, సూదమ్మగారూ, మొదలెట్టండి."

సూదమ్మ ఆకుల కుప్పను పక్కకు జరిపింది. "చెన్నా, డిప్ప తీయి," అంది.

డిప్ప తీశాడు. సుద్దగోడ మీద రంగులు విచ్చుకున్నాయి. పైన మెరుస్తున్న నీలం, కింద ఆకుపచ్చ, మధ్యలో ఎర్రగా కదులుతున్న చుక్కలు. గుహలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఇది ఏ ఆకు?" అన్నాడు మర్యాదయ్య.

సూదమ్మ జనం వైపు తిరిగి గొంతు పెంచింది. "ఈ బొమ్మ తలకిందులుగా ఉంటుంది. గోడకు వీపు పెట్టి, తల వంచి, కాళ్ళ సందులోంచి చూడండి. నిటారుగా కనబడుతుంది."

బడి పంతులమ్మ చెప్పిందని ఒక్కొక్కరే లేచి వెనక్కి తిరిగారు. కణుజులు, దుప్పులు, పందులు, కుందేళ్ళు అందరూ తలలు దించి కాళ్ళ సందులోంచి చూశారు. కొండముచ్చులకు అంత కష్టమే లేకపోయింది, ఉన్నచోటే కాళ్ళతో వేలాడారు. గోడ ముందు కూర్చున్న దొరకు ఎటు చూసినా తోకలే కనబడ్డాయి. ఎర్రగుట్ట అడవి అడవంతా ఆయన మొహానికి పిర్రలు చూపిస్తూ నిలబడింది.

"ఇదేం దండం?" అన్నాడు దొర.

"కొత్తగా నేర్పినట్టున్నారండీ," అన్నాడు మర్యాదయ్య.

ఒక ముసలి దుప్పి గొంతు వినబడింది. గొంతు ఎండి మాట బొంగురుగా వచ్చింది.

"నీళ్ళు," అంది. "అవి నీళ్ళే."

"అడ్డుకట్ట కట్టారు," అంది ఇంకో గొంతు.

"ఆ ఎర్రగా దూకుతున్నవి కుక్కలు. స్నానాలు చేస్తున్నాయి."

"నా బిడ్డ చెలమ దగ్గర నాలుక బయటపెట్టి చచ్చింది," అంది ముసలి దుప్పి. "వీళ్ళు స్నానాలు చేస్తున్నారు."

అప్పుడు దొర కూడా వెనక్కి తిరిగి, మెడ వంచి గోడ చూశాడు. తన చెరువును తాను గుర్తుపట్టాడు. ఒక్క దూకున బండ దిగాడు. "ఎవరు చెక్కింది ఇది? ఆ ఆకు చెక్కిన వాణ్ణి నా ముందుకు ఈడ్చుకురండి."

"ఆకు లేదు దొరా," అంది సూదమ్మ. "ఇందులో నా ముల్లు పడలేదు. ఒక్క గీత ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఉన్నది ఉన్నట్టు చూపమని మీరే బండ మీద నిలబడి చెప్పారు. ఈ బొమ్మ చేసింది మీరే. మేం బెజ్జం తెరిచామంతే."

"మర్యాదయ్యా, మూసెయ్యి దాన్ని," అని అరిచాడు దొర. "నేను చెప్పేదాకా చెయ్యి తీశావో, నీ తోలు నా పడక మీద పరుస్తాను."

మర్యాదయ్య పడుతూ లేస్తూ గోడ ఎక్కి, చెన్నడి చేతిలో డిప్ప లాక్కుని బెజ్జానికి అదిమిపెట్టాడు. గుహ చీకటైపోయింది.

చీకట్లో దొర గొంతు కాస్త తేనె పూసుకుంది. "మీరు చూసింది మాయ. ఎండకు కళ్ళు బైర్లు కమ్మితే అలాంటివే కనబడతాయి. లోయలో చుక్క నీరు లేదు. అందరూ కూర్చోండి. అసలు బొమ్మ ఇప్పుడు మొదలవుతుంది."

ఎవరూ కూర్చున్న చప్పుడు రాలేదు. గుహ నోటి దగ్గర ఏదో పెద్దది కదిలింది. కర్రెన్న లేచి నిలబడ్డాడు. బయటి వెలుతురు వెల్లువలా లోపలికొచ్చింది.

"ఎవడు లేవమన్నాడు నిన్ను?" అన్నాడు దొర.

"తొమ్మిదేళ్ళుగా పడుకునే ఉన్నాను దొరా. కాళ్ళు పట్టేశాయి," అన్నాడు కర్రెన్న నింపాదిగా. "అలా లోయ దాకా నడిచొస్తాను. నీళ్ళు లేకపోతే తిరిగొచ్చి పడుకుంటాను."

"లోయలో పాములున్నాయి."

"నా కాళ్ళు పెద్దవి లెండి."

ఆయన బయటికి నడిచాడు. ఆయన వెనక ముసలి దుప్పి. ఆమె వెనక కణుజులు. నాలుగు రేచుకుక్కలు దొర వైపు చూశాయి, గుంపు వైపు చూశాయి, తోకలు ముడిచి పక్కకు తప్పుకున్నాయి. నలుగురు ఆపగలిగే గుంపు కాదది.

గుహ ఖాళీ అవుతుంటే దొర కోపం సూదమ్మ మీదికి మళ్ళింది. "నిన్ను తొమ్మిదేళ్ళు బతకనిచ్చాను," అంటూ మీదికి వచ్చాడు.

సూదమ్మకు భయం వేసింది. కానీ ఆమె పక్కకు తప్పుకోలేదు. గోడకు ముందు నిలబడి, వెనక్కి తిరిగి, వీపు మీద ఉన్న ముళ్ళన్నీ విప్పింది. నూరు ఆకులు చెక్కాక కూడా ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. దొర దూకాడు. కెవ్వుమని వెనక్కి పడ్డాడు. ముక్కు నిండా ముళ్ళే. ముందుకాళ్ళతో మొహం గీరుకుంటూ, ఎటు పోతున్నాడో తెలియకుండా గుహలోంచి బయటపడి, గుట్ట దిగి పడమటి అడవిలోకి పారిపోయాడు. కుక్కలు నాలుగూ ఆయన వెంట వెళ్ళలేదు.

సూదమ్మ పొట్టి కాళ్ళతో లోయ చేరేసరికి అక్కడ పని సగమైంది. గుంపును చూడగానే దండు తడి ఒంటితోనే పరుగందుకుందట. కర్రెన్న కొమ్ములు కింద పెట్టి ఒక్కో దుంగనే ఎత్తి పక్కకు పడేస్తున్నాడు. పందులు బండల కింద మట్టి తవ్వుతున్నాయి. చెరువు గట్టున బండలో తొర్ర ఒకటి రాయితో మూసి ఉంది. చెన్నడు ఆ రాయి జరిపితే లోపలినుంచి పోశవ్వ బయటికొచ్చింది. రెక్కల ఈకలు కత్తిరించేశారు. బాగా చిక్కిపోయింది. ఎండకు కళ్ళు చికిలించుకుని చెరువు వైపు చూసింది.

సూదమ్మ ఆమెను దగ్గరికి తీసుకోబోయి, ముళ్ళు గుర్తొచ్చి ఆగింది.

"పంతులమ్మా," అంది పోశవ్వ, "నా బొమ్మలో తప్పు పడింది. అడ్డుకట్ట చిన్నదిగా చెక్కాను. చూడండి, ఎంత పెద్దదో."

"ఈకలు మొలవనీ. మళ్ళీ చెక్కుదువు గాని," అంది సూదమ్మ.

చివరి దుంగ కదిలింది. నీళ్ళు ఒక్క ఉదుటున ఇరుకులోంచి దూకి ఎండిన వాగులో పడ్డాయి. ముసలి దుప్పి ఒడ్డున మోకాళ్ళ మీద వంగి, తాగకుండా కాసేపు ఆ పారే నీళ్ళనే చూసింది. తర్వాత తాగింది.

పొద్దు వాలుతుండగా సూదమ్మ బడికి తిరిగొచ్చింది. గుహలో చెక్కిన ఆకులు తొక్కుడు పడి చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఊడుస్తుంటే పైనుంచి నీరసంగా ఒక గొంతు వినబడింది.

"సూదమ్మగారూ."

తలెత్తి చూసింది. మర్యాదయ్య ఇంకా గోడకు కరుచుకునే ఉన్నాడు. రెండు చేతులతో డిప్పను బెజ్జానికి అదిమిపెట్టి, కాళ్ళు వణుకుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని.

"దొరవారు చెయ్యి తీయమన్నారా అండీ?"

"దొర లేడు. పారిపోయాడు."

మర్యాదయ్యకు ఆ మాట నమ్మాలో వద్దో తెలియలేదు. ఉత్తర్వు వెనక్కి తీసుకున్నట్టు ఎవరూ చెప్పలేదు కదా. "నేను మూసిన తర్వాత మాత్రం ఎవరూ ఏమీ చూడలేదండీ. ఆ సంగతి మీరు సాక్ష్యం చెప్పాలి," అన్నాడు.

"చెబుతాను," అంది సూదమ్మ.

ఆయన కాస్త కుదుటపడి, డిప్ప మీద చెవి ఆనించాడు. "మరి ఇందాకటి నుంచి ఇందులో ఏదో చప్పుడు వస్తోందండీ. గలగలమంటోంది. ఏమిటది?"

సూదమ్మ ఊడవడం ఆపలేదు. "మీరు రోజూ మధ్యాహ్నం తాగేవే. ఇప్పుడు అందరూ తాగుతున్నారు," అంది.

జరుగుతున్నది నలుగురికీ తెలియకూడదనుకునేవాడికి, చూపించేవాళ్ళను ఆపడం కంటే ఆ పని చేయకుండా ఉండటం మేలు.